లేవగలిగే పని, లేవలేని పని

నెల్లూరు జిల్లా ఉదయగిరి కొయ్య చెంచా చాలావరకు ఇంట్లోనే తయారవుతుంది. దుర్గం కొండ చుట్టూ ఉన్న అడవుల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి వంటి కర్రలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లేపాక్షి హస్తకళల దుకాణాల్లో ఈ చెంచాలు అమ్ముతారు. కొనేవాళ్ళకు కనిపించేది పిడి మీది లత ఒక్కటే. ఆ లత చెక్కిన చేయి ఎక్కువగా ఒక ఆడమనిషిది. ఆమె కూర్చున్న చోటు ఇంటి పంచ, పక్కనే చాప మీద ఒక పిలకాయ.

కూలీ రోజుకు కాదు, నగానికి ఇంత అని. హాజరు పట్టీ లేదు, సెలవు చీటీ లేదు, జీతం రోజు లేదు. ఎన్ని చెంచాలు పూర్తయితే అంత డబ్బు. ఇప్పుడు ఫ్రీలాన్స్ అని పిలిచే బతుకు ఆ మాట పుట్టి ఈ వీధుల్లోకి రాకముందే ఇక్కడ ఉంది. నెల్లూరు నుంచి బద్వేలు వైపు వెళ్ళే దారిలో ఉన్న ఆత్మకూరులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అనువాదమో, వీడియో ఎడిటింగో, ఎవరి దుకాణం లెక్కలో చేసిపెట్టే తల్లి పరిస్థితీ అదే. పనిముట్లు వేరు, లెక్క ఒకటే. అందుకే ఇంటి నుంచి చేసే పని, పిల్ల, తనకంటూ కాస్త సమయం అనే ముడిని విప్పి చూడటానికి ఉదయగిరి చెంచా దగ్గర మొదలుపెట్టడం మేలు.

చెంచా పనిలో కొన్ని మెట్లున్నాయి. కర్రను రంపంతో ముక్కలు కోయాలి. బాడిసతో చెక్కి ఆకారం తేవాలి. ఉలితో గుంత తీయాలి. ఆకురాయితో అంచులు రాయాలి. పిడి మీద పువ్వో, చేపో, లతో చెక్కాలి. చివర ఉప్పుకాగితం పట్టి నునుపు చేయాలి. ఈ మెట్లన్నీ ఒక్క తీరువి కావు. ఉప్పుకాగితం పట్టే చేయి ఎప్పుడైనా ఆగవచ్చు. పిల్ల ఏడిస్తే చెంచాను పక్కన పెట్టి లేచి, పాలిచ్చి, జోకొట్టి, పావుగంట తర్వాత వచ్చి కూర్చున్నా ఆగినచోట నుంచే మళ్ళీ అందుకోవచ్చు. ఆకురాయి పనీ దాదాపు అంతే. లత చెక్కే పని అలా కాదు. చూపూ మణికట్టూ ఊపిరీ ఒక దారిన పడితే తప్ప గీత తిరగదు. మధ్యలో లేస్తే ఆ దారి మళ్ళీ దొరకడానికి కొంతసేపు పడుతుంది. అదిరిపడి చేయి జారితే అప్పటిదాకా పెట్టిన శ్రమంతా పొయ్యిలోకి పోతుంది. పైగా ఉలీ బాడిసా పాకే పిల్లకు అందేచోట ఉండకూడదు. నునుపు చేసేటప్పుడు లేచే కొయ్య ధూళి కూడా పసి ముక్కుకు మంచిది కాదు. కనుక లేవగలిగే పని అయినా పిల్లను కాస్త దూరంగా, గాలి తిరిగే వైపు పెట్టుకునే చేయాలి.

పని ఎన్ని గంటలు పడుతుందని అందరూ అడుగుతారు. పిల్ల ఉన్న ఇంట్లో దానికన్నా ముందు అడగవలసింది, ఆ పని మధ్యలో లేవవచ్చా లేదా అని. రోజును గంటలుగా చీల్చి ఇంత పనికి, ఇంత పిల్లకు, ఇంత తనకు అని పంచుకునే పట్టికలు రెండు రోజులు కూడా నిలవవు. పిల్లకు పట్టిక చూసి ఆకలి వేయదు. లేవగలిగే పనులు ఒక గంపలో, లేవలేని పనులు ఒక గంపలో వేసుకుంటే మాత్రం రోజు ఎటు తిరిగినా చేతికి ఏదో ఒక పని అందుతుంది.

ల్యాప్‌టాప్ పనిలోనూ ఈ రెండు గంపలున్నాయి. బిల్లులు పంపడం, ఉత్తరాలకు జవాబులివ్వడం, ఫైళ్ళకు పేర్లు పెట్టి సర్దడం, పూర్తయిన పనిని ఒకసారి చూసుకోవడం ఉప్పుకాగితం వంటివి. అనువాదంలో మొదటి ప్రతి రాయడం, నెల లెక్క తేల్చడం, వీడియోలో ముక్కలు అతికే చోటు వెతకడం ఉలి పనులు. అన్నిటికన్నా కష్టం ఆన్‌లైన్ పాఠం. అవతల పిల్లలు ఎదురుగా కూర్చుని ఉంటారు. ఇవతల సొంత పిల్ల కొంగు పట్టుకుని లాగుతుంది. ఎవరినీ ఆపడానికి వీల్లేదు. ఇంట్లో ఇంకొక మనిషి లేకుండా పసిపిల్ల తల్లి ఒప్పుకోకూడని పని అది ఒక్కటే అనవచ్చు.

లేవలేని పనికి పిల్ల నిద్ర తప్ప వేరే చోటు లేదు. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. వినడానికి అది చాలా సమయం. అందులో ఎక్కువ భాగం రాత్రికే పోతుంది, ఆ రాత్రి తల్లి కూడా పడుకోవాలి. పగటి నిద్ర రెండో ఏడు గడిచేసరికి ఒక్క కునుకుకు దిగుతుంది. ఆ ఒక్క కునుకే రోజు మొత్తంలో తెగని సమయం. చాలా ఇళ్ళలో జరిగేదేమిటంటే, పిల్ల పడుకోగానే తల్లి గిన్నెల దగ్గరికి పరుగెత్తుతుంది. ఇది పెద్ద నష్టం. గిన్నెలు తోమడం, బట్టలు మడవడం, ఆకుకూర ఒలవడం లేవగలిగే పనులు. పిల్ల మేలుకుని ఉండగా, ఆ పిల్లతోనే కబుర్లాడుతూ చేయవచ్చు. రెండేళ్ళ పిల్లకు చిక్కుడుకాయ ఈనె తీయడం ఎంత పెద్ద ఆటో పెంచినవాళ్ళకు తెలుసు. నిద్ర గంటను ఉలికే ఇవ్వాలి.

మరి ఒళ్ళు అలసిన రోజున ఆ గంటలో తల్లి కూడా ఒరిగితే? తప్పేమీ లేదు. దాన్ని పని ఎగ్గొట్టడం కింద లెక్క వేసుకుంటేనే చిక్కు.

నగం కూలీ మనసులో ఒక గడియారం పెడుతుంది. ఒక చెంచాకు చేతికి ఇరవై రూపాయలు వస్తాయనీ, దానికి ముప్పావుగంట పడుతుందనీ అనుకుంటే, ముద్ద ముద్దకూ కథ చెప్పి తినిపించే ముప్పావుగంట ఇరవై రూపాయల నష్టంగా కనిపించడం మొదలవుతుంది. నెల జీతం వచ్చే ఉద్యోగికి ఈ లెక్క రాదు. సాయంత్రం ఐదు దాటాక ఆమె బిడ్డతో గడిపే గంటకు ధర ఉండదు. ఇంటి దగ్గర పనిచేసే తల్లికి ప్రతి గంటకూ ధర ఉంది, అర్ధరాత్రికి కూడా. తల్లికి ఓపిక లేదని ఇరుగుపొరుగు అనేది చాలాసార్లు ఈ లెక్క వేసే ఒత్తిడినే. ప్రేమ తక్కువై కాదు. దీనికి ఉన్న ఒక మందు, ధరను గంటల నుంచి వారానికి మార్చుకోవడం. ఈ వారం ఇన్ని నగాలు, లేదా ఇన్ని పేజీలు అని ముందే అనుకుని, అది పూర్తయ్యాక మిగిలిన పూటలను లెక్కలోంచి తీసేయడం. తక్కువే అనుకోవాలి. ఎక్కువ అనుకుని అందుకోలేకపోతే మిగిలే పూట అంటూ ఉండదు.

గడువు విషయంలో కూడా అంతే. ఆరేళ్ళ లోపు పిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలేనని వైద్యులు చెబుతారు. ఒక్కో జలుబు వారం అనుకున్నా ఏడాదిలో నెలన్నర, రెండు నెలలు ముక్కు కారుతూనే గడుస్తుంది. నాలుగు రోజుల పనికి ఆరు రోజులు అడగడం భయమో బద్ధకమో కాదు, ఆ జలుబుకు పక్కన పెట్టిన సమయం. జాకెట్లు కుట్టే దర్జీలు పెళ్ళి ముహూర్తాల ముందు కొత్త గుడ్డ తీసుకోవడం ఆపేస్తారు. ఆ పద్ధతి పసిపిల్ల తల్లికి ఏడాది పొడుగునా కావాలి.

ఇంతవరకు చెప్పినది తల్లి తన తెలివితో చేసుకోగలిగినది. అది ఒక హద్దు వరకే పనికొస్తుంది. ఆ హద్దు తర్వాత కావలసింది ఇంకొక చేయి.

చట్టం ఎక్కడ నిలబడి ఉందో చూస్తే ఈ మాట తేటపడుతుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి జీతంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు, 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో పిల్లల సంరక్షణ గది ఉండాలన్నారు. ఆ సెలవు ఒక యజమాని కింద పనిచేసేవారికి. చెంచా చెక్కే తల్లికి, అనువాదం చేసే తల్లికి యజమాని లేడు, కనుక ఆ సెలవూ లేదు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, 2022 నుంచి రెండో కాన్పులో ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు వీరికీ అందవచ్చు. పోయిన కూలీకి అది కొంత ఊరట. ఇంటి నుంచి పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. దాన్ని ఆమోదించిన దేశాల్లో భారతదేశం లేదు. 2020 సామాజిక భద్రతా కోడ్ ఇంటి నుంచి పనిచేసే కార్మికులనూ గిగ్ కార్మికులనూ పేరు పెట్టి నిర్వచించింది. పేరు రావడం చిన్న విషయం కాదు. కానీ పేరు పిల్లను ఎత్తుకోదు.

పిల్లను ఎత్తుకునే ప్రభుత్వ సంస్థ ఒకటుంది, అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో భాగం ఇది. ఆరేళ్ళ లోపు పిల్లలందరూ దాని పరిధిలోకి వస్తారు. అయితే కేంద్రంలో కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడేళ్ళు నిండినవారికే. అంతకన్నా చిన్నవారికి ఇంటికి తీసుకెళ్ళే పోషకాహారం, తూకం, టీకాల గుర్తు. ఇప్పుడు లెక్క వేయాలి. ఉద్యోగి అయినా సెలవు ఆరు నెలలతో ముగుస్తుంది. తల్లిపాలే చాలే కాలమూ ఆరు నెలలే. అంగన్‌వాడీ మూడేళ్ళకు తలుపు తీస్తుంది. మధ్యలో రెండున్నరేళ్ళు మిగిలాయి. పిల్ల పాకేదీ, నడిచేదీ, దొరికినదల్లా నోట్లో పెట్టుకునేదీ, కన్ను పక్కకు తిప్పడానికి వీల్లేనిదీ సరిగ్గా ఆ రెండున్నరేళ్ళే. తల్లి మీద భారమంతా అక్కడే పడుతుంది, సాయమంతా అక్కడే ఆగిపోతుంది. అంగన్‌వాడీకే శిశు సంరక్షణ కేంద్రాన్ని జతచేసే పాల్నా పథకం ఈ ఖాళీని పూడ్చడానికే వచ్చింది. అది పెద్ద ఊళ్ళతో ఆగకుండా ఉదయగిరి వంటి చోట్లకూ, చేతిపని వీధులకూ చేరాలి. చెంచాకు దొరికిన గుర్తింపులో కొంతైనా దాన్ని చెక్కే తల్లికి అలా అందుతుంది.

అప్పటిదాకా ఆ రెండున్నరేళ్ళూ అవ్వల చేతుల మీద గడుస్తున్నాయి. అమ్మమ్మో, జేజో, పక్కింటి పెద్దమ్మో లేకపోతే పడమటి నెల్లూరులో ఇంట్లో కూర్చుని చేసే కూలిపని అన్నదే నడవదు. వర్షం తక్కువైన మెట్ట నేల ఇది. మగవాళ్ళు బెంగళూరుకో, మద్రాసుకో, హైదరాబాదుకో పనికి వెళ్ళిన ఇళ్ళు చాలా ఉన్నాయి. తండ్రి వారానికో పండక్కో కనిపించే ఇంట్లో, అతని వంతు సాయం గురించి మాట్లాడటం కష్టం. తండ్రి ఊళ్ళోనే ఉన్న ఇళ్ళలో మాత్రం మాట్లాడవలసిందే. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు ఇస్తున్నారు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 15 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళలో 41 శాతం మంది ఇంట్లోవారి ఆలనాపాలనా చూస్తుంటే మగవాళ్ళలో 21.4 శాతం మందే చూస్తున్నారు. ఇంట్లోనే పనిచేసే ఆడమనిషి మీద ఇది ఇంకో విధంగా కూడా పడుతుంది. ఆమె కళ్ళ ఎదుట ఉంటుంది కనుక ఆమె ఖాళీగా ఉందని అందరూ అనుకుంటారు. గ్యాస్ బండ వస్తే ఆమే లేవాలి, చుట్టం వస్తే ఆమే కాఫీ కలపాలి. ఉలి పని నడుస్తున్న గంటను ఇంట్లోవాళ్ళు పని గంటగా చూడటం తండ్రి చేయగల మొదటి సాయం. రోజూ ఒకే వేళకు పిల్లను భుజాన వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళిరావడం రెండోది. అది ఏ వేళ అన్నది ముఖ్యం కాదు, రోజూ అదే వేళ కావాలి. ఎప్పుడు వస్తుందో తెలియని గంటను ఉలి పనికి వాడుకోలేరు.

ఇరుగుపొరుగు సాయానికి ఒక మంచి నమూనా 2005 ఉపాధి హామీ చట్టంలో కనిపిస్తుంది. పని జరిగేచోటికి తల్లుల వెంట వచ్చిన చిన్నపిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే, ఆ తల్లులలో ఒకరిని పిల్లలను చూసుకోవడానికి పెట్టాలని, ఆమెకూ అందరితో సమానంగా కూలీ ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. చెరువు మట్టి తీయడమూ పిల్లలను చూడటమూ ఒకే విలువ గల పనులని కాగితం మీద ఒప్పుకున్న మాట అది. చెంచా వీధిలో ఐదిళ్ళవాళ్ళు కలిస్తే ఇదే పద్ధతి నడుస్తుంది. రోజుకొకరు వంతున పిల్లలందరినీ చూసుకుంటే, మిగతా నాలుగు రోజులూ ఒక్కొక్కరికి తెగని పూట దొరుకుతుంది. చూసుకున్న రోజు కూలీ పోతుంది, నిజమే. ఆ నాలుగు పూటల్లో ఉలి పని నడిస్తే ఆ నష్టం తీరిపోతుంది. చెక్కడం ఉన్న పిడికి సాదా పిడి కన్నా ఎక్కువ పలుకుతుంది కదా.

చేతులు దొరకనప్పుడు ఆ చోటులోకి ఫోన్ వస్తుంది. గడువు నెత్తిన ఉన్న పూట పిల్ల చేతికి ఫోన్ ఇవ్వని ఇల్లు అరుదు. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళవారికి రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మాట చెప్పి తల్లిని నిందించడం సులువు. గంట మించిన ఇళ్ళలో లోటు మనిషిదని గుర్తించడం న్యాయం. ఖాళీ డబ్బాలు, కొయ్య ముక్కలు, నీళ్ళు పోసిన పళ్ళెం కొంతసేపు ఆడిస్తాయి. నున్నగా రాసిన, పగుళ్ళు లేని, నోట్లో పట్టనంత పెద్ద కొయ్య ముక్కలకు ఉదయగిరిలో కరువు లేదు.

ఇక తనకంటూ ఉండే సమయం. మూడింటిలో మొదట పోయేది ఇదే. గడువు పోతే అడిగేవాళ్ళున్నారు, పిల్ల ఏడిస్తే వినేవాళ్ళున్నారు. ఈ సమయం పోతే అడిగేవాళ్ళుండరు. అది ఉన్నవాళ్ళ ముచ్చట అనే అభిప్రాయం కూడా ఒకటుంది. ఆ అభిప్రాయం తప్పని చూపించిన ఊరు ఈ చుట్టుపక్కలే ఉంది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. పగలంతా కూలి చేసి, వంట చేసి, పిల్లలను పడుకోబెట్టి ఆడవాళ్ళు రాత్రి బడికి వచ్చారు. కొందరు పిల్లలను ఒళ్ళో పెట్టుకునే వచ్చారు. ఆ గంటలో వారు ఎవరి కూలీలూ కాదు. తమ పేరు తాము రాసుకోవడం నేర్చుకున్నారు, పాఠంలో కష్టం గురించి చదివి తమ కష్టం గురించి మాట్లాడుకున్నారు. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో ఆ మాటలు సారా దుకాణం మూయించేదాకా వెళ్ళాయి. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతటికీ తెలిసింది. ఊరి తర్వాత ఊరు కదిలింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలూ ఆ రాత్రి బడుల ఊపు నుంచే జిల్లా అంతా పాకాయి. ఒక రాష్ట్రపు చరిత్రను మలుపు తిప్పిన ఆ గంట, చాకిరీకీ నిద్రకూ మధ్య నుంచి ఆడవాళ్ళు తమ కోసం లాక్కున్న గంట. దాన్ని విలాసం అని ఎవరనగలరు?

ఆ బడిలో గమనించవలసిన విషయం మరొకటుంది. ఆ గంటకు ఒక వేళ, ఒక చోటు, ఎదురుచూసే తోటివాళ్ళు ఉన్నారు. అందుకే అది నిలిచింది. ఇంట్లో ఒంటరిగా తీసుకోవాలనుకునే విరామం నిలవదు. కూర్చున్నచోటే పనీ ఉంది, పిల్లా ఉంది. గడప దాటిన సమయమే నిలుస్తుంది. దుత్తలూరు మండలం నర్రవాడలో వెంగమాంబ పేరంటాలు తిరునాళ్ళకు, ఆత్మకూరు దగ్గర అనుమసముద్రంపేట దర్గాలో గంధానికి ఆడవాళ్ళు బిడ్డలను చంకనేసుకుని బయల్దేరేది మొక్కు కోసమే కావచ్చు. ఆ రెండు రోజులు ఉలి ముట్టుకోకపోవడానికి అది అందరూ ఒప్పుకునే కారణం కూడా. ఏడాదికి రెండుసార్లు దొరికే దాన్ని వారానికి ఒకసారికి తేగలిగితే చాలు. శుక్రవారం సాయంత్రం చెల్లెలి ఇంటికో, సంఘం సమావేశానికో, గ్రంథాలయానికో, కొండ మొదట్లో నడకకో. ఆ పూట పిల్ల వెంట ఉన్నా ఫరవాలేదు, పని మాత్రం వెంట రాకూడదు. ల్యాప్‌టాప్ తల్లికి ఇది ఇంకా అవసరం. ఆమె పని ఫోన్‌లో కూర్చుని చేతి సంచిలోనే తిరుగుతుంది.

మూడేళ్ళు నిండాక పిల్ల అంగన్‌వాడీకి వెళ్తుంది. మొదటి పది రోజులు ఏడుపు, ఆ తర్వాత పరుగు. ఐదు దాటితే బడి. అప్పుడు ఉదయం పూట తెగకుండా తల్లి చేతికి తిరిగి వస్తుంది. ఇంతకాలం ఉప్పుకాగితంతో, సాదా పిడులతో నెట్టుకొచ్చిన చోట్ల, పిల్లకు అందకుండా పైగూట్లో దాచిన ఉలి కిందికి దిగుతుంది. నాలుగేళ్ళు లత చెక్కని మణికట్టు వెంటనే తిరగదు. మొదట గుంతలు తీయాలి, తర్వాత పిడి చివర చిన్న పువ్వు, చేయి కుదిరాక లత.